తలల లెక్క... బస్సు లెక్క

ఊళ్లో ఎంతమంది ఉంటే రోడ్డు వస్తుంది? ఎంతమంది ఎక్కితే బస్సు నిలుస్తుంది? పల్లె బతుకును నడిపించేది ఈ రెండు లెక్కలే. బస్సు రాని ఊరు మెల్లగా ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన ఊరికి బస్సు రాదు. రాజధానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న సిద్దిపేట పల్లెల మీదుగా ఈ లెక్క చూస్తే... అంకెల వెనక బోలెడు బతుకు కనిపిస్తుంది.

జనగణన శాఖ దగ్గర ప్రతి ఊరికీ ఒక వరుస ఉంటుంది. ఊరి పేరు, విస్తీర్ణం, ఇళ్లు, జనాభా, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు... ఇలా మొదలై ఆ వరుస చాలా దూరం పోతుంది. బడి ఉందా? దవాఖానా ఉందా? పోస్టాఫీసు, బ్యాంకు, వారం వారం అంగడి? ఆ తర్వాత వస్తాయి రవాణా గడులు. ప్రభుత్వ బస్సు, ప్రైవేటు బస్సు, రైల్వే స్టేషను, ఆటో, టాక్సీ, ట్రాక్టరు, రిక్షా, ఎడ్లబండి. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా రహదారి, తారు రోడ్డు, కంకర రోడ్డు, చివరికి కాలిబాట కూడా. దేన్నీ వదల్లేదు.

ఉంటే 'ఉంది' అని గుర్తు పెడతారు. లేకపోతే ఎంత దూరంలో ఉందో ఒక్క అక్షరంలో చెబుతారు. 5 కిలోమీటర్ల లోపైతే 'ఎ'. 5 నుంచి 10 లోపైతే 'బి'. 10 దాటితే 'సి'. అంతే!

2011 జనాభా లెక్కల్లో సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఇలాంటి వరుసలున్నాయి. అప్పటికింకా సిద్దిపేట జిల్లా లేదు. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక పల్లెలు మెదక్ జిల్లా పుస్తకంలో ఉన్నాయి. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్ పుస్తకంలో, చేర్యాల, మద్దూరు వరంగల్ పుస్తకంలో కనిపిస్తాయి. 2016 అక్టోబరు 11న ఈ మూడు ముక్కలూ కలిసి సిద్దిపేట జిల్లా అయింది. 2011 లెక్క ప్రకారం ఆ జిల్లా జనాభా 10,12,065. ప్రతి ఏడుగురిలో ఆరుగురు పల్లెల్లోనే ఉన్నారు. అంటే ఈ జిల్లా కథ చెప్పాలంటే పట్నం బస్టాండు దగ్గర కాదు, ఊరి బస్టాపు దగ్గర మొదలుపెట్టాలి.

దీపం లేని ఊరు

తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో ఒక పాత మాట ఉంది... 'బేచిరాక్'. ఉర్దూలో చిరాగ్ అంటే దీపం. బే అంటే లేకుండా. దీపం లేని ఊరు. అంటే పేరు ఉంటుంది, హద్దులుంటాయి, సర్వే నంబర్లుంటాయి, శిస్తు లెక్క కూడా ఉంటుంది. కానీ సాయంత్రం దీపం పెట్టేందుకు ఇంట్లో మనిషి ఉండడు. కరువుకో, కలరాకో, దోపిడీ భయానికో జనం లేచిపోయిన ఊళ్లకు నిజాం కాలం నాటి గుమాస్తాలు వాడిన మాట ఇది. జనాభా లెక్కల పుస్తకంలో ఇలాంటి ఊళ్ల వరుస ముందు సున్నా ఉంటుంది. పక్క గడులన్నీ ఖాళీ.

విచిత్రం ఏమిటంటే, ఊళ్లకు తిరిగే ఆర్టీసీ బస్సుకు పెట్టిన పేరు 'పల్లె వెలుగు'. ఎవరు ఆలోచించి పెట్టారోగానీ ఆ పేరు బేచిరాక్ అనే మాటకు సరిగ్గా ఎదురు నిలుస్తుంది. ఏ ఊరూ ఒక్కరోజులో బేచిరాక్ అయిపోదు. ముందు ఇంటర్ చదివే పిల్లలు పోతారు. తర్వాత పనికోసం మగవాళ్లు పోతారు. ఆ తర్వాత పిల్లల చదువు కోసమని ఆడవాళ్లు పోతారు. చివరికి వృద్ధులూ, పింఛన్లూ, తాళం వేసిన ఇళ్లూ మిగులుతాయి. ఊరు ఈ వరుసలో ఎక్కడ ఉందో తెలుసుకోవాలంటే ఒకటే ప్రశ్న అడగాలి. బస్సు ఎన్నిసార్లు వస్తుంది?

'ఎ' అంటే ఎంత దూరం?

పుస్తకంలో 'ఎ' అన్న అక్షరం చూడ్డానికి బాగుంటుంది. అయిదు కిలోమీటర్ల లోపే కదా అనిపిస్తుంది. నడిచేవాళ్లకే తెలుస్తుంది దాని బరువు.

హైస్కూలు ఊరికి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోనూ రానూ పది. బడి ఏడాదికి 220 రోజులు నడిస్తే 2,200 కిలోమీటర్లు. అంటే ఓ ఆడపిల్ల ఏటా హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా నడిచి, మళ్లీ దాదాపు సగం దారి వెనక్కి వచ్చినట్టు! అదీ పుస్తకాల సంచీతో, వానాకాలం బురదలో, సాయంత్రం చీకట్లో. విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నారు. సమస్య సరిగ్గా ఆ తర్వాతే మొదలవుతుంది. ఎనిమిది దాటాక దూరం పెరుగుతుంది. అక్కడే ఆడపిల్లల చదువు ఆగుతుంది.

ఈ దూరం ఎంత పెద్ద అడ్డంకో బిహార్‌లో తేలింది. అక్కడ 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ పథకంపై కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. సైకిళ్ల వల్ల హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని వాళ్లు లెక్కగట్టారు. బడి మూడు కిలోమీటర్లకు అవతల ఉన్న ఊళ్లలోనే ఆ ఫలితం ఎక్కువగా కనిపించింది. బడి మారలేదు. పంతుళ్లు మారలేదు. దూరం ఒక్కటే తగ్గింది.

కూరగాయలు పండించే రైతుకూ ఇదే బాధ. సిద్దిపేట జిల్లాలో హైదరాబాద్ వైపు ఊళ్లకు రాజీవ్ రహదారి మీది వంటిమామిడి మార్కెట్టే ఆధారం. తెల్లవారకముందే సరుకు చేరితే ఒక ధర. పొద్దెక్కాక చేరితే ఇంకో ధర. టమాటా, బెండ, వంకాయ... వీటికి ఓపిక ఉండదు. రోడ్డు పక్క ఊరి రైతు గంపలు బస్సు టాపు మీదో, ఆటోలోనో వేసి పంపిస్తాడు. లోపలి ఊరి రైతు నలుగురితో కలిసి ట్రాలీ మాట్లాడుకోవాలి. ట్రాలీ నిండేదాకా ఆగాలి. ఆ కిరాయి ఆయన పంటలోంచే పోతుంది.

ఇక కాన్పుల సంగతి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాక పల్లెల్లో చాలా ప్రాణాలు నిలిచాయి. అంతకుముందు మంచం మీదో, ఎడ్లబండిలోనో మోసుకుపోయిన రోజులున్నాయి. కానీ ఎంత గొప్ప అంబులెన్సయినా రావాలంటే బాట ఉండాలి కదా! ఫోను పోయినంత వేగంగా బండి రాదు. వాగు మీద కల్వర్టు తెగితే అది అవతలి ఒడ్డునే ఆగిపోతుంది.

అయిదొందల గీత

రోడ్డు ఎవరికి వేయాలి? దేశంలో దీనికి సమాధానం జనాభా లెక్కల్లోంచే వచ్చింది.

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదాన ప్రాంతాల్లో 500 మంది, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ప్రతి ఆవాసానికీ అన్ని కాలాల్లో నడిచే రోడ్డు ఇవ్వాలన్నది నియమం. తొలి వంతు వెయ్యిమంది దాటిన ఊళ్లకు. అంటే ఊరి దగ్గర డబ్బుందా, పంట ఉందా, చదువుకునే పిల్లలున్నారా అన్నది కాదు. ఎన్ని తలలున్నాయి అన్నదే ప్రశ్న. 510 మంది ఉంటే అర్హులు. 490 ఉంటే వరుసలో వెనక్కి.

ఈ గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో బతుకు ఎలా మారిందో శామ్ ఆషర్, పాల్ నోవోసాద్ అనే ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. 2020లో అచ్చయిన వాళ్ల అధ్యయనం చెప్పిన సంగతి కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది. రోడ్డు పడ్డ నాలుగేళ్లకు పంటల్లో, ఆదాయంలో, ఆస్తుల్లో పెద్ద మార్పేమీ లేదు. మారిందల్లా ఒకటే. వ్యవసాయం వదిలి వేరే పనులకు వెళ్లేవాళ్లు పెరిగారు. అంటే రోడ్డు ఊళ్లోకి డబ్బును మోసుకురాలేదు. మనుషులు బయటి పనులకు పోయే వీలిచ్చింది. పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే వీలు ఉంటే ఆ మనిషి ఊళ్లోనే ఉంటాడు. ఆ వీలు లేకపోతే బయటే గది అద్దెకు తీసుకుంటాడు. ఆ తేడా తెచ్చేది రోడ్డు కాదు... దాని మీద తిరిగే బస్సు.

అయిదొందల గీత ఇంకోచోటా కనిపిస్తుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో 500 జనాభా ఉన్న తండాలూ, గూడేలూ సొంత పంచాయతీలయ్యాయి. కొత్తగా ఏర్పడినవి 4,383. మొత్తం పంచాయతీలు 12,751కి చేరాయి. సిద్దిపేట జిల్లాలోనూ ఎన్నో తండాలు అలా సొంత సర్పంచిని ఎన్నుకున్నాయి. అంతకుముందు తండా కష్టం పెద్ద ఊరి లెక్కలో కలిసిపోయేది. పెద్ద ఊరికి బస్సు వస్తే పుస్తకంలో 'ఉంది' అని పడేది. అక్కడి నుంచి తండాకు మూడు కిలోమీటర్లు నడవాలన్న సంగతి ఏ గడిలోనూ లేదు. జనగణన రెవెన్యూ గ్రామాన్ని లెక్కిస్తుంది. మనుషులేమో ఆవాసాల్లో బతుకుతారు.

రైలు రావడానికి 149 ఏళ్లు

సిద్దిపేటకు దూరం బాధ కొత్త కాదు. నిజాం రాజ్యంలో తొలి రైలు 1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. తర్వాత ఒక దారి మనోహరాబాద్, కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు పోయింది. ఇంకో దారి జనగామ మీదుగా కాజీపేటకు పోయింది. ఈ రెండు పట్టాల మధ్య చిక్కుకుంది సిద్దిపేట. అటు చూసినా ఇటు చూసినా రైలు కూత వినబడని చోటు. 2011 పుస్తకంలో సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ల రైల్వే స్టేషను గడిలో 'సి' అక్షరమే పడింది.

మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా కరీంనగర్ దగ్గరి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల మార్గానికి 2006-07లో మంజూరు వచ్చింది. పదేళ్లకు, 2016 ఆగస్టు 7న, గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. భూమి, ఖర్చులో మూడోవంతు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు తొలి రైలు కదిలింది. 1874తో లెక్కేస్తే సరిగ్గా 149 ఏళ్లు!

ఆ రైలుతో నాచారం, కొడకండ్ల, దుద్దెడ లాంటి ఊళ్ల పేర్లు స్టేషను బోర్డుల మీదికి ఎక్కాయి. కొమురవెల్లి మల్లన్న భక్తుల కోసం 2024లో హాల్టు స్టేషనుకు భూమిపూజ జరిగింది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం జాతరకు పోటెత్తే జనానికి అది అవసరమే. కానీ రైలు దిగిన మనిషి ఇల్లు చేరాలిగా! స్టేషను నుంచి ఊరికి నాలుగైదు కిలోమీటర్లు. ఆ చివరి ముక్కకు ఆటో దొరికితే రైలు చార్జీలో మిగిలింది ఆటోకే పోతుంది. దొరక్కపోతే కాళ్లే గతి. పుస్తకంలో మాత్రం 'సి' పోయి 'ఎ' వస్తుంది.

రోడ్డు సంగతీ అంతే. సిద్దిపేట మీదుగా పోయే రాజీవ్ రహదారి రాష్ట్రంలో ఒకటో నంబరు రహదారి. హైదరాబాద్ నుంచి కరీంనగర్, రామగుండం దాకా నాలుగు వరుసల మీద బండ్లు దూసుకుపోతుంటాయి. ఆ రోడ్డుకు ఆనుకుని ఉన్న ఊళ్లకు హోటళ్లొచ్చాయి, ప్లాట్లొచ్చాయి, ధరలొచ్చాయి. అదే రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగే ఊళ్లకు ఆ వేగంతో పనిలేదు. సూపర్ లగ్జరీ అక్కడ ఆగదు. వాళ్లు ఎదురుచూసేది డొక్కు పల్లె వెలుగు కోసమే.

ఊళ్లో పడుకునే బస్సు

హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలయ్యాయి. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. నిజాం రైల్వేలో ఒక శాఖగా నడిచిన ఆ సంస్థే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. సిద్దిపేట, గజ్వేల్-ప్రజ్ఞాపూర్, దుబ్బాక, హుస్నాబాద్ డిపోల నుంచి ఊళ్లకు బస్సులు నడిచేది ఆ పరంపరలోనే.

వీటన్నిటిలో పల్లెకు ప్రాణప్రదమైంది నైట్ హాల్ట్ బస్సు. చీకటి పడ్డాక పట్నం నుంచి ఊరికి వస్తుంది. రాత్రి అక్కడే నిద్రచేస్తుంది. డ్రైవరు, కండక్టరు బస్సులోనో, బడి వరండాలోనో పడుకుంటారు. తెల్లవారి ఫస్ట్ ట్రిప్ కొట్టుకుంటూ బయలుదేరుతుంది. ఊళ్లో కోడి కూతకన్నా ముందు ఆ ఇంజను చప్పుడే వినిపిస్తుంది. కాలేజీ పిల్లలు, పాలక్యాన్లు, కూరగాయల గంపలు, దవాఖానాకు పోయే ముసలివాళ్లు, కోర్టు వాయిదా ఉన్నవాళ్లు... అందరికీ అదే బస్సు. ఈ బస్సు ఉన్న ఊరి మనిషి పట్నంలో పని చేసి ఇంట్లో పడుకోగలడు. అది పోయిన ఊరి మనిషి పట్నంలోనే పడుకుంటాడు.

మరి బస్సు ఎందుకు పోతుంది? డిపోలో ప్రతి రూటుకూ రెండు లెక్కలుంటాయి. కిలోమీటరుకు వచ్చే ఆదాయం ఒకటి. నూటికి ఎన్ని సీట్లు నిండాయన్నది రెండోది. వీటిలో అడుగున ఉన్న రూట్ల మీదే ముందు కత్తి పడుతుంది.

ఒక ఊరిని ఊహించుకుందాం. జనాభా 600. రోజూ 40 మంది బస్సెక్కేవారు. ఊళ్లోకి బైకులొచ్చాయి, షేర్ ఆటో వచ్చింది. బస్సు ఆలస్యమైన రోజున ఆటో ముందు వస్తుంది. 40 మంది 20 అయ్యారు. నాలుగు ట్రిప్పులు రెండయ్యాయి. మధ్యాహ్నం బస్సు లేదు కాబట్టి పొద్దున పోయినవాళ్లూ ఆటోలోనే వెనక్కి రావాలి. వచ్చేటప్పుడు ఆటో తప్పనప్పుడు పోయేటప్పుడు మాత్రం బస్సెందుకు? 20 మంది 10 అయ్యారు. రోడ్డు గుంతలు పడింది, బస్సు పట్టాలు విరుగుతున్నాయి. ఒకరోజు డ్రైవరు మూలమలుపు దగ్గరి నుంచే తిప్పుకుని పోయాడు. మర్నాడు అసలు రాలేదు. సర్పంచి సంతకంతో డిపో మేనేజరుకు దరఖాస్తు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇంకో దరఖాస్తు. జవాబు తెలిసిందే... రూటు గిట్టుబాటు కావడం లేదు!

తప్పు ఎవరిది? ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. ఆర్టీసీకి డీజిలు ఖర్చుంది. ఆటోవాలాకు ఫైనాన్సు కిస్తీ ఉంది. బైకు కొన్న కుర్రాడికి టైముకు పనికి చేరాలని ఉంది. అన్ని లెక్కలూ సరిపోగా మిగిలిపోయింది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. బైకు ఇంటికి ఒకటి ఉన్నా దాని తాళంచెవి మగవాడి జేబులోనే ఉంటుంది. 2011 లెక్కల్లో దేశంలో నూటికి 21 కుటుంబాలకే ద్విచక్ర వాహనం ఉంది. తర్వాత అవి బాగా పెరిగినా, వెనక సీటు మీద కూర్చునే మనిషి ప్రయాణం ముందు సీటు మీద కూర్చునే మనిషి తీరిక మీదే ఆధారపడి ఉంటుంది.

ఒకే బస్సయితే...

నాలుగైదు ఊళ్లకు ఒకే బస్సు దిక్కయితే ఏమవుతుందో 2018 సెప్టెంబరు 11న తెలిసింది. జగిత్యాల జిల్లా శనివారంపేట నుంచి జగిత్యాలకు బయలుదేరిన ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దగ్గర లోయలో పడింది. వందమందికి పైగా అందులో ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. పల్లె బస్సులో అంతమంది ఎందుకెక్కారని అడగడం తేలిక. తర్వాతి బస్సు ఎప్పుడని అడిగితే అసలు సంగతి అర్థమవుతుంది.

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. పట్నాల్లో మెట్రో, క్యాబులు, ఆటోలు ఎంతో కొంత ఆదుకున్నాయి. పల్లెకు అలాంటి రెండో దారి లేదు. ఆ తర్వాత 2020లో కరోనా లాక్‌డౌన్ బస్సులన్నిటినీ ఆపేసింది. అలవాటు తప్పిన ప్రయాణికుణ్ని మళ్లీ బస్సెక్కించడం తేలిక కాదు.

ఆ కథను కొంత మార్చింది 2023 డిసెంబరు 9. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. 2025 జూలై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని ఆర్టీసీ సంబరం చేసుకుంది. ఖాళీగా తిరిగిన పల్లె వెలుగులో నిలబడడానికి చోటు లేదు. కూలికి పోయే ఆడవాళ్లకు రోజు కూలిలో చార్జీ మిగిలింది. పుట్టింటికి పోవడానికి పండగే రావక్కర్లేదు. 2025 మార్చి 8న మహిళా సమాఖ్యలే బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకివ్వడం కూడా మొదలైంది. ఇంకోవైపు, ఆడవాళ్ల కిరాయి మీద బతికిన ఆటోవాలాల బేరం పడిపోయింది. అది కూడా పల్లె బతుకే.

అయితే ఉచితం అన్న మాటకు అర్థం బస్సు వచ్చే ఊళ్లోనే. బస్సు రాని ఊరి మనిషికి జీరో టికెట్ మొదటి అయిదు కిలోమీటర్ల తర్వాతే మొదలవుతుంది. ఆ అయిదు కిలోమీటర్లకు మాత్రం ఎప్పటిలాగే ఆటోకు డబ్బివ్వాలి.

దూరం తగ్గింది... ఊరు పోయింది

దగ్గరగా ఉండటమే అంతా అనుకుంటే సిద్దిపేట జిల్లాలోనే దానికో జవాబుంది. కాళేశ్వరం ప్రాజెక్టులో భాగంగా 50 టీఎంసీలతో కట్టిన మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. దాని కింద తొగుట మండలంలో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డకిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, కొండపాక మండలంలో సింగారం, ఎర్రవల్లి ఊళ్లు పోయాయి. వేములఘాట్ వాళ్లు 2016లో మొదలుపెట్టి వందల రోజులు రిలే దీక్షలు చేశారు. చివరికి అందరూ గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి, సంగాపూర్ దగ్గర కట్టిన కాలనీలకు చేరారు.

పుస్తకం లెక్క చూస్తే వాళ్లకు అన్నీ దగ్గరయ్యాయి. పట్నం పక్కనే. బస్టాండు, దవాఖానా, రైల్వే స్టేషను దగ్గర్లోనే. కానీ పొలం లేదు. చెరువు లేదు. గొర్లు మేపే కంచె లేదు. రెండు పంటలు పండించిన మనిషి కూలి కోసం అడ్డా మీద నిలబడాల్సి వచ్చింది. బస్సు కోసం ఊరే లేచి రోడ్డు దగ్గరికి పోవడం ఎవరూ కోరుకోలేదు. రోడ్డూ, బస్సూ ఊరి దగ్గరికి రావాలన్నదే పల్లె అడిగేది. ఇక ముందు పుస్తకంలో ఆ ఎనిమిది పేర్ల ఎదుట పడే మాట మాత్రం ఆ పాతదే... బేచిరాక్.

లెక్కకు ముందు చూసుకోవాల్సింది

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగిపోయింది. తర్వాతి లెక్కకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా నిర్ణయిస్తూ కేంద్రం 2025 జూన్ 16న గెజిట్ ఇచ్చింది. పదేళ్లకు రావాల్సిన లెక్కకు పదహారేళ్లు. ఈ మధ్యలో జిల్లాలు మారాయి, మండలాలు మారాయి, తండాలు పంచాయతీలయ్యాయి, ఊళ్లు మునిగాయి, రైలొచ్చింది. అయినా నిర్ణయాలన్నీ పాత తలల మీదే. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన గ్రామ సడక్ యోజన నాలుగో విడతకు కూడా 2011 జనాభానే కొలబద్ద. అప్పుడు 480 ఉండి ఇప్పుడు 700 అయిన తండా ఆ కాగితం మీద ఇంకా 480 దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

కొత్త లెక్క వస్తే అంతా సర్దుకుంటుందా? అక్కడా ఒక చిక్కుంది. జనగణనలో మనిషిని లెక్కించేది ఆయన సొంతూళ్లో కాదు, ఆ రోజుల్లో ఆయన ఉంటున్న చోట. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కింపు జరిగింది. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లు ఊరి లెక్కలోకి రాలేదు. దుబ్బాక నుంచి భివండి, సూరత్, షోలాపూర్ మగ్గాల మీదికి పోయినవాళ్లు అక్కడి లెక్కలోకి పోతారు. గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎక్కడి లెక్కలోకీ రారు. ఉన్న ఊళ్లో ఇల్లుంది, రేషన్ కార్డుంది, ఓటుంది. కానీ జనాభా పుస్తకంలో తల లేదు. పని కోసం బయటికి పోయినవాడి వల్ల ఊరు తగ్గుతుంది. ఊరు తగ్గిందని రోడ్డు తగ్గుతుంది, బస్సు తగ్గుతుంది. బస్సు లేదని ఇంకొకరు పోతారు.

ప్రపంచ బ్యాంకు పల్లె రవాణాను కొలవడానికి ఒక సూచీ పెట్టుకుంది. అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపు ఎంతమంది ఉన్నారన్నది దాని ప్రశ్న. రెండు కిలోమీటర్లంటే పాతిక నిమిషాల నడక. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లోనూ అదే కొలత. మన పుస్తకంలోని అయిదు కిలోమీటర్ల 'ఎ' కన్నా ఇది మనిషి కాళ్లకు దగ్గరి లెక్క. కానీ అది కూడా రోడ్డునే చూస్తుంది. దాని మీద బస్సు ఎన్ని గంటలకు వస్తుందో అడగదు.

అడగాల్సింది అదే. బస్సు ఉందా లేదా అన్నది కాదు. రోజుకు ఎన్ని ట్రిప్పులు? ఫస్ట్ బస్సు కాలేజీ టైముకు అందుతుందా? ఆఖరి బస్సు కూలి దిగినవాళ్లను ఇంటికి చేరుస్తుందా? వానాకాలంలో ఎన్ని రోజులు ఆగిపోయింది? తండా నుంచి బస్టాపు ఎంత దూరం? ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు ఏ ఢిల్లీ పుస్తకంలోనూ దొరకవు. ఊరి బడి పిల్లలు వారం రోజులు రాసిపెడితే దొరుకుతాయి. గ్రామసభలో చదివి తీర్మానం చేసి, పంచాయతీ గోడ మీద రాయిస్తే ఇంకా మంచిది. డిపో మేనేజరు ముందు పెట్టే దరఖాస్తుకు సంతకాల కన్నా ఆ అంకెల బలం ఎక్కువ.

డిపో వాళ్లూ ఒక మాట ఆలోచించాలి. ఊరి బస్సును ఆ ఊరి టికెట్లతోనే తూచడం ఎంతవరకు న్యాయం? తొమ్మిదో తరగతికి చేరిన ఆడపిల్ల, వేళకు దవాఖానాకు చేరిన గర్భిణి, పట్నంలో గది తీసుకోకుండా ఇంటికొచ్చిన కూలీ... వీళ్లెవరూ కిలోమీటరు ఆదాయంలో కనిపించరు. ఆ లాభం బడిలో, దవాఖానాలో, ఊరి జనాభా గడిలో పడుతుంది. అందుకే ఆ నష్టాన్ని ఒక్క ఆర్టీసీ మీద వేయడమూ సరికాదు. నష్టం వచ్చే పల్లె రూటుకు ప్రభుత్వం కిలోమీటరు లెక్కన డబ్బు కట్టాలి. రోడ్డు వేయడానికి తలలు లెక్కపెట్టినప్పుడు, బస్సు నడపడానికి కూడా వాటినే లెక్కపెట్టాలి... టికెట్లను కాదు.

2027 పుస్తకంలో సిద్దిపేట పల్లెల వరుసలు మళ్లీ అచ్చవుతాయి. కొన్నిటి ఎదుట జనాభా పెరుగుతుంది, కొన్నిటి ఎదుట తగ్గుతుంది. తగ్గిన ఊరి పేరు మీద వేలు పెట్టి, అదే వరుసలో నాలుగు గడులు ముందుకు జరిగి 'ప్రభుత్వ బస్సు' దగ్గర ఏముందో చూడాలి. ఊరు ఎందుకు తగ్గిందో చాలావరకు అక్కడే రాసి ఉంటుంది.